ఇకపై మా దగ్గర చేసే ఆపరేషన్లు, చేయనివి

తెనాలిలో మా పళ్ల క్లినిక్‌కి వచ్చేవాళ్లందరికీ ఒక మాట. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కింది దవడలో అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని నేను తీయను. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం గుంటూరు నుంచి దవడ ఆపరేషన్ల స్పెషలిస్టు ఒకావిడ వస్తారు. ఆవిడే తీస్తారు. ఫీజు కూడా పెరుగుతోంది. ఇన్నాళ్లూ 4,500 తీసుకున్నాం, ఇకపై 7,000. ఎక్స్‌రే ఖర్చు వేరు.

కారణం చెప్పకుండా రేటు పెంచితే మీరు ఊరుకోరు. చెబుతాను.

కిందటేడు శ్రావణంలో పెళ్లి కుదిరిన కుర్రాడొకడు వచ్చాడు. ముహూర్తంలోపు ఆ పన్ను గొడవ వదిలించుకోవాలని తొందర. చిన్న ఎక్స్‌రే తీస్తే వేరు చివర ఫిల్ములోకి రాలేదు. రెండు దవడలూ ఒకేసారి కనబడే ఓపీజీ తీయించి ఉండాల్సింది. అది మా దగ్గర లేదు, స్కానింగ్ సెంటర్‌కి పంపాలి. పంపితే అటునుంచి అటే ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడేమోనని నా భయం. సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే. గంటన్నర తంటాలు పడి తీశాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. ‘మేడమ్, మత్తు ఇంకా దిగలేదు’ అన్నాడు. మత్తు ఇంజెక్షన్ మామూలుగా మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. నాకు గుండె జారిపోయింది. కింది దవడ ఎముక లోపల సన్నటి గొట్టంలాంటి దారి ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే వెళుతుంది. కొందరికి జ్ఞానదంతం వేళ్లు దాన్ని ఆనుకునే ఉంటాయి. వేరు కదిలించినప్పుడు ఆ నరం నలిగింది. అది స్పర్శ నరమే కాబట్టి మూతి వంకర పోలేదు, మాట మారలేదు. కానీ పెళ్లి భోజనాల్లో పెదవికి మెతుకు అంటుకుంటే వాళ్లమ్మ సైగ చేస్తే గానీ అతనికి తెలియలేదట. అయిదో నెలలో చీమలు పాకినట్టు మొదలై మెల్లగా స్పర్శ తిరిగొచ్చింది. డబ్బు వెనక్కిచ్చేశాను. కొందరికి స్పర్శ పూర్తిగా తిరిగి రాదు కూడా.

స్పెషలిస్టు చేసినా ఆ ప్రమాదం సున్నా కాదు. అయితే ముందే చూసుకుంటాం, ముందే చెబుతాం. ఓపీజీ లేకుండా ఇక ఎవరికీ కింది జ్ఞానదంతం ఆపరేషన్ లేదు. అందులో వేరు నరాన్ని తాకుతున్నట్టు కనబడితే త్రీడీ స్కాన్ రాస్తాం. మరీ దగ్గరగా ఉంటే పైభాగం మాత్రం కోసి తీసేసి, వేళ్లను ఎముకలోనే వదిలేసే పద్ధతి కూడా ఉంది. సంతకం పెట్టే కాగితం తెలుగులోనే ఉంటుంది. నిటారుగా వచ్చి, బ్రష్ అందుతూ, ఏ బాధా పెట్టని జ్ఞానదంతాన్ని మాత్రం తీయించుకోకండి. ఈ మాట వల్ల నాకు నష్టమేనని మా ఆయన అంటారు.

మామూలు పన్ను తీయడం ఎప్పటిలాగే రోజూ ఉంటుంది. పై పన్ను తీస్తే చూపు పోతుందని ఇప్పటికీ అడుగుతున్నారు. పోదు. కంటిచూపు నరం వేరు, పంటి నరం వేరు.

‘మూడో రోజుకి నొప్పి పెరిగింది, నువ్వు సరిగ్గా తీయలేదు’ అని నన్ను తిట్టిన పెద్దలకూ ఒక జవాబు. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది. అది ఊడితే ఎముక బయటపడి నొప్పి చెవిదాకా లాగుతుంది. మాటిమాటికీ ఉమ్మినా, సిగరెట్ కాల్చినా, కొబ్బరిబోండాం స్ట్రాతో పీల్చినా ఊడొచ్చు. అన్నీ పాటించినా కొందరికి ఊడుతుంది, అప్పుడు తప్పు మీదీ కాదు, నాదీ కాదు. వచ్చేయండి, కడిగి మందు పెడతాం. దానికి డబ్బు తీసుకోం.

బండి మీంచి పడి దవడ విరిగినవాళ్లు మా దగ్గరికొచ్చి టైం పోగొట్టుకోవద్దు. నేరుగా గుంటూరు పెద్దాసుపత్రికో, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో వెళ్లండి. గడ్డానికి దెబ్బ తగిలితే చెవి ముందు ఎముక కూడా విరగొచ్చు, పైకి ఏమీ కనబడదు. పళ్లు మునుపటిలా కలవకపోతే అనుమానించాల్సిందే. టైటానియం ప్లేట్లు బిగించడం, పళ్లకు తీగలు కట్టడం మా చిన్న గదిలో అయ్యే పని కాదు. గడ్డం కప్పని సగం హెల్మెట్ పెట్టుకొచ్చే మా వీధి కుర్రాళ్లూ, ఇది మీకే.

ముందుకొచ్చిన దవడ సరిచేసే ఆపరేషనూ ఇక్కడ లేదు. సంబంధం కుదిరాక అమ్మాయిని తీసుకొచ్చి మూడు నెలల్లో అయిపోవాలంటే ఎవరివల్లా కాదు. ఎదుగుదల ఆగాక, ముందు పళ్లకు క్లిప్పులు వేసి, చాలామందికి ఏడాది పైనే పడుతుంది. అసలు ఆ అమ్మాయికి ఇష్టమో కాదో నేను అడుగుతాను, కోప్పడకండి.

ఒక్కటి మాత్రం ఆపడం లేదు. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, గుట్కా, ఖైనీ నమిలి నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా రండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ల్యాబ్ ఖర్చు ఇస్తే చాలు, నా ఫీజు ఉండదు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని భయపడి ఆరు నెలలు ఆగి వచ్చిన ఆయన్ని చూశాక తీసుకున్న నిర్ణయం ఇది. ముక్క తీయడం వల్ల పాకదు. ఆలస్యం చేస్తేనే పాకుతుంది.

ఆదివారం ఆపరేషన్‌కి వచ్చేవాళ్లు టిఫిన్ తిని రండి, షుగర్, బీపీ మాత్రలు రోజూలాగే వేసుకోండి. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టర్‌ని నేనే అడుగుతాను. ఎముకల బలానికి ఏడాదికోసారి ఇంజెక్షన్ తీసుకుంటుంటే తప్పక చెప్పండి, వాళ్లలో కొందరికి పన్ను తీసినచోట దవడ ఎముక మానదు. మందుల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ షీట్లయినా సరే, కవర్లో వేసుకుని తెచ్చేయండి.