కీటో మొదలుపెట్టే ముందు మాత్రల పెట్టె చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

కీటో ఆహారంతో బరువు తగ్గినవారి అనుభవాలు మీ ఆదివారం అనుబంధంలో చదివాను. అన్నం మానేసి గుడ్లు, పనీరు, నెయ్యి, కొబ్బరినూనెలతో నెలల తరబడి నెట్టుకొచ్చినవారి పట్టుదలను తక్కువ చేయను. అయితే వారు రోజూ ఏ మందులు వేసుకునేవారో, ఆహారం మారినప్పుడు ఆ మందులను ఎవరైనా మార్చారో లేదో ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. ఫార్మసిస్టుగా మందుల దుకాణం నడుపుతున్న నాకు అది చిన్న లోటుగా తోచలేదు.

కీటో అంటే రోజంతా కలిపి పిండి పదార్థాలు 50 గ్రాములు దాటకుండా తినడం. పెద్ద కప్పు అన్నంతోనే ఆ లెక్క నిండిపోతుంది. పిండి పదార్థాలు అందకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, ఆ కొవ్వు నుంచి కాలేయం కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలను తయారుచేస్తుంది. చక్కెరకు బదులు శరీరం వాటిని ఇంధనంగా వాడుకుంటుంది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ దీన్ని మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నేటికీ ఇస్తున్నారు. కానీ అక్కడ వైద్యుడు, ఆహార నిపుణులు వెంట ఉంటారు. రక్తపరీక్షలు చేస్తారు, మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడుతున్నాయేమో కనిపెట్టి చూస్తారు. ఆ జాగ్రత్తలన్నీ అక్కడే ఉండిపోయి, ఆహారం ఒక్కటే మన ఇళ్లలోకి వచ్చింది.

స్థూలకాయం ఉన్నవారిలో చాలామందికి షుగరో, బీపీయో తోడై ఉంటుంది. షుగర్‌కు వాడే గ్లిమెపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఎంత వాడాలో రోజూ అన్నం తినే మనిషిని చూసి నిర్ణయిస్తారు. అన్నం ఆగిపోయి మోతాదు అలాగే ఉంటే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం. కీటో మొదటి వారాల్లో తగ్గే బరువులో చాలా భాగం నీరే. దానితో పాటు ఉప్పూ పోతుంది. బీపీ మాత్ర మామూలుగానే వేసుకుంటూ పోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఇవి కొంతవరకు అందరికీ తెలిసినవే. నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టే మాత్ర మరొకటి ఉంది.

ఒక సాయంత్రం మా దుకాణానికి ఎప్పుడూ వచ్చే ఒకాయన వాంతులు తగ్గే మాత్ర అడిగారు. ఆయన భార్యకు. ఆమెకు యాభై దాటాయి. ‘గ్యాస్ పట్టేసిందండి, కడుపులో నొప్పి. ఏం తాగినా నిలవడం లేదు’ అన్నారు. షుగర్ చూశారా అంటే ఆయన ముఖం వికసించింది. ‘నూట నలభై ఎనిమిదండి. అన్నం మానేశాక ఎంత బాగుందో!’ పాత చీటీ చూపించమంటే ఫోనులో ఫోటో తీసి ఇచ్చారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, దాని కింద డాపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి. ఆ పూట కూడా వేసుకుందన్నారు. ఆయాసం ఉందా అని అడిగాను. మంచం మీద కదలకుండా పడుకున్నా పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి తీస్తోందన్నారు. వాంతుల మాత్ర ఇవ్వలేదు. ‘కీటో ఆహారం, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు, రక్తంలో కీటోన్లు చూడగలరు’ అని కాగితం మీద రాసిచ్చి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. ఐసీయూలో ఉంచి సెలైను, ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కించాక ఆమె కోలుకున్నారు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. చాలా మంచి మందులు. గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తాయి కనుక షుగర్ లేనివారికి కూడా రాస్తున్నారు. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ గడువు ముగిశాక ధర బాగా తగ్గి, ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ విరివిగా వాడుతున్నారు. ఈ మందులు కీటోన్లను పెంచుతాయి, కీటో కూడా వాటినే పెంచుతుంది. రెండూ కలిస్తే, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, రక్తం ఆమ్లమయమై కీటోఅసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చు. మామూలుగా ఆ స్థితిలో షుగర్ విపరీతంగా పెరిగి ఇంట్లోవాళ్లకు హెచ్చరికగా పనిచేస్తుంది. ఈ మాత్ర వేసుకునేవారిలో చక్కెర మూత్రంలో పోతూ ఉంటుంది కాబట్టి మీటరులో అంకె చక్కగానే కనిపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే దీని గురించి హెచ్చరించింది. ఆపరేషన్‌కు ముందు కనీసం 3 రోజులు ఈ మాత్ర ఆపాలని 2020లో చెప్పింది. ఆపరేషన్ కోసం కొద్దిపాటి ఉపవాసానికే అంత జాగ్రత్త కావాలంటే, నెలల తరబడి అన్నం మానేసేవారికి ఎంత కావాలి?

అన్నం రాశులుగా తినమని నేను అనడం లేదు. రోజువారీ శక్తిలో ధాన్యాలు, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన కంచాలు ఆ హద్దు దాటి చాలాకాలమైంది. అయినా బరువు తగ్గడానికి కీటో ఒక్కటే దారి కాదు. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని ఏడాదిపాటు పరిశీలిస్తే, పిండి పదార్థాలు తగ్గించినవారు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు తగ్గారు. ఆ కాస్త తేడా కోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు. వైద్యుడి పర్యవేక్షణలో, మందులు సరిచేయించుకుని కొంతకాలం పాటించాలనుకునేవారికి నేను అడ్డు చెప్పను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు మాత్రం సొంతంగా దీని జోలికి పోనే కూడదు.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ఇకపై ఇలాంటి కథనం వేసినప్పుడల్లా పక్కనే ఈ నాలుగు ముక్కలు పెద్ద అక్షరాల్లో వేయండి: రోజూ మందులు వాడేవారు వైద్యుడికి చెప్పకుండా కీటో మొదలుపెట్టవద్దు. చీటీలో ‘గ్లిఫ్లోజిన్’ అని ముగిసే పేరు ఉందేమో చూసుకోండి. ఆ మాత్ర వాడుతుండగా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఇక మాత్ర వేసుకోకుండా, మీటరులో అంకె ఎంతున్నా ఆసుపత్రికి వెళ్లండి. రక్తంలో కీటోన్ల పరీక్ష చేయమని మీరే అడగండి.

— ఒక ఫార్మసిస్టు, తాడేపల్లిగూడెం