యౌవనం నిలిపే మాత్రలు: ఎలుకల్లో తేలిందేమిటి?

సంపాదకులు గారికి,

కోనసీమలో పింఛనుపై బతికే పెద్దలు సైతం ముసలితనాన్ని ఆపుతాయన్న ఆశతో నెలనెలా యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొంటున్నారు. ఎలుకలపై పరీక్షించామన్న ప్రకటనే వారికి హామీ అవుతోంది. ఏ ఎలుకలపై, ఎన్నిచోట్ల, ఎంతకాలం అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

శరీర కణాలను దెబ్బతీసే చురుకైన అణువులైన ఫ్రీ రాడికల్స్ వల్ల వార్ధక్యం వస్తుందని అమెరికా శాస్త్రవేత్త డెన్హామ్ హార్మన్ 1956లో ప్రతిపాదించారు. వాటిని అడ్డుకునే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు; ఈ మాత్రల అమ్మకానికి ఆధారం ఆ వాదమే. అమెరికా జాతీయ వార్ధక్య సంస్థ కార్యక్రమంలో, జన్యువైవిధ్యమున్న చిట్టెలుకలకు మూడు వేర్వేరు ప్రయోగశాలల్లో ఒకే పదార్థం కలిపిన మేత పెట్టి, అవి ఎన్నాళ్లు బతికాయో నమోదు చేస్తారు. అంత గట్టి పరీక్షలో పసుపులోని కర్‌క్యుమిన్, గ్రీన్ టీ సారం, ద్రాక్షలో ఉండే రెస్వెరాట్రాల్ ఆయుష్షును పెంచలేదు. స్పష్టంగా పెంచిన రాపమైసిన్ రోగనిరోధక శక్తిని అణచే మందు, వైద్యుని పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకూడనిది.

మనుషుల విషయం మరింత ఆందోళనకరం. ఫిన్లాండులో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిపి 1994లో వెల్లడించిన పరీక్షలో, బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ తీసుకున్నవారికి, తీసుకోనివారికంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. చుట్ట అలవాటు ఇంకా పోని మన లంక గ్రామాల పెద్దలకు ఇది తప్పక తెలియాలి.

ఎలుకల పరీక్షను చూపి అమ్మే ప్రతి కంపెనీ, ఆ ఫలితం ఎక్కడ ప్రచురితమైందో, మరో ప్రయోగశాలలో నిలిచిందో లేదో సీసాపై తెలుగులో ముద్రించేలా ఆహార భద్రతా అధికారులు పట్టుబట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం