చిట్టీ, ఫోన్ ఎత్తకపోయినా ఇది చదువు

ప్రియమైన చిట్టికి,

ప్రభువు కృప నీకు తోడుండాలని ప్రార్థిస్తూ అమ్మ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి బీపీ మాత్ర మార్చారు, ఇప్పుడు పర్వాలేదు. చిన్నోడు మళ్ళీ కళ్ళజోడు విరగ్గొట్టాడు, ఈసారి తనే దాని మీద కూర్చున్నాడు. అమ్మమ్మ కుర్చీ కాలు బాగు చేయించాం. ఇవన్నీ ఫోన్‌లో చెప్పేవే, కానీ నువ్వు 19 రోజులుగా "తర్వాత చేస్తా" అని మెసేజ్ పెడుతున్నావు, ఆ తర్వాత అనేది రావడం లేదు. లెక్కపెడుతున్నావా అనకు. అమ్మని, లెక్కపెడతాను.

మీ ముగ్గురు ఫ్రెండ్స్ ఫోటో వాట్సాప్‌లో తీసేశావట కదా. చిన్నోడు చెప్పాడు. నేనేమీ అడగను. నిద్ర పడుతోందా? వేళకి తింటున్నావా? తలనొప్పికి మాత్రలు ఖాళీ కడుపున వేసుకోకు.

అడగనన్నాను గానీ, నాకు తెలిసింది దాచడం కూడా బాగుండదు. నువ్వు వాళ్ళిద్దరికీ మాత్రమే చెప్పుకున్న మాట మీ యూత్ మీటింగ్‌లో ప్రార్థనాంశం అయిందని విన్నాను. ఏ మాటో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు (ఉంది, కానీ అడగను). విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఒక చాప.

నాన్న ఉద్యోగం పోయిన ఏడాది. నువ్వప్పుడు రెండో క్లాసు. స్త్రీల సమాజంలో నా పక్కనే కూర్చునే ఆవిడ, పేరు రాయను, నీ పచ్చ గౌను కుట్టింది ఆవిడే. అప్పుల సంగతి, నాన్నకీ నాకూ మాటల్లేని సంగతి, ఒక రాత్రి పెట్టె సర్దుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోదామనుకున్న సంగతి, అన్నీ ఆవిడకే చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు, అమ్మమ్మకి కూడా. తర్వాతి వారం కూడికలో అందరం కళ్ళు మూసుకున్నాక వేరే ఒకామె ప్రార్థన అందుకుని, ప్రభువా ఈ సహోదరి కాపురం నిలబెట్టు, పెట్టె సర్దుకున్న ఆమె మనసు మార్చు, అంది. పెట్టె అంది, చిట్టీ. ఆ మాట నేను ఒక్క మనిషికే చెప్పాను. నా ముందు చాప అంచున దారం ఒకటి ఊడి ఉంటే దాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను, ప్రార్థన అయ్యేసరికి వేలు కందిపోయింది. అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను. ఇప్పటికీ నాకు మింగుడు పడనిది అదే.

రెండు నెలలు కూడికకి వెళ్ళలేదు. ఆరాధనకి వెళ్ళినా ఆఖరి బెంచీలో కూర్చుని ప్రభు భోజనపు బల్ల దగ్గరికి పిలిచేలోపు లేచి వచ్చేసేదాన్ని. పాస్టరమ్మగారు "క్షమించెయ్యమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. అప్పుడు నాకు దొరికింది 55వ కీర్తన. శత్రువు తిడితే ఓర్చుకునేవాణ్ణి, నువ్వు నా చెలికాడివి, కలిసి దేవుని మందిరానికి నడిచినవాడివి అంటాడు దావీదు. అంతటితో ఊరుకోడు, వాళ్ళు ప్రాణాలతోనే పాతాళానికి పోవాలంటాడు. బైబిల్లో అలాంటి ప్రార్థన ఉన్నందుకు నాకెంత ఊరటో! వంటింట్లో గట్టిగా చదివేదాన్ని. "నీ భారము యెహోవామీద మోపుము" అన్న మాట కూడా ఆ కీర్తనలోదే, కాకపోతే శాపాల మధ్యలో వస్తుంది. జనం ఆ ఒక్క మాటే క్యాలెండర్ల మీద అచ్చు వేస్తారు.

తర్వాత ఒకరోజు, మత్తయి సువార్త 18లో ఉన్నట్టు, ఒక్కదాన్నే ఆ గౌను కుట్టినావిడ ఇంటికి వెళ్ళి అడిగాను. "ప్రార్థన కోసమే చెప్పాను" అంది. సారీ అనలేదు, ఇప్పటికీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు మనసేమీ తేలికపడలేదు. కానీ ఆ సారీ కోసం ఎదురుచూడటం మానేశాను, ఆ నెల బల్ల తీసుకున్నాను. ఇప్పుడు ఆవిడ కనిపిస్తే వందనాలు చెప్తాను, జబ్బు చేస్తే వెళ్ళి చూస్తాను. ఇంటి సంగతులు మాత్రం చెప్పను. అది పగ అని ఎవరన్నా అంటే అననీ. యేసు అందరినీ ఎరిగినవాడు గనుక తనను వాళ్ళ వశం చేసుకోలేదని యోహాను రాశాడు కదా. యోసేపు కూడా తనని అమ్మేసిన అన్నల్ని చూడగానే మీద పడి ఏడవలేదు, పక్కకి వెళ్ళి ఏడ్చాడు, గిన్నె గోనెలో పెట్టించి వాళ్ళు మారారో లేదో చూసుకున్నాడు.

ఇంకో మాట. లెక్చర్ అయిపోతోందని తెలుసు. వాళ్ళిద్దరినీ ఒకే గాటన కట్టకు. మాట బయటపెట్టింది ఒకరు, పక్కనే ఉండి నోరు మెదపనిది ఇంకొకరు, అంతేనా? యూదా ప్రభువుని పట్టివ్వడానికి తెలిసి తెలిసి 30 వెండి నాణేలు లెక్కపెట్టించుకున్నాడు, అయినా ప్రభువు అతని కాళ్ళు కడిగాడు, తోటలో పట్టించడానికి వచ్చినా చెలికాడా అనే పిలిచాడు. పేతురు వేరు. అతనికి భయం వేసింది. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ప్రభువుని ఎరగనన్నాడు. తర్వాత ఒడ్డున ప్రభువు మళ్ళీ బొగ్గులు రాజేసే అతన్ని కూర్చోబెట్టి, ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. ఆ రెండో పిల్ల ఏడుస్తూ వస్తే వెంటనే తలుపు వేసేయకు. ఆ పిల్ల కళ్ళు నాకు మంచిగానే అనిపించేవి. నాకు మనుషుల్ని పోల్చుకోవడం రాదని నాన్న అంటారనుకో.

నాకు బాగా నచ్చేది పౌలు. చెరసాల నుంచి శిష్యుడు తిమోతికి రాస్తూ తనతో పనిచేసిన దేమా వదిలిపోయాడని, కంచరి అలెక్సంద్రు చాలా కీడు చేశాడని, అతనితో జాగ్రత్తగా ఉండమని రాస్తాడు. తన పక్షాన ఎవరూ నిలబడలేదు, అయినా అది వాళ్ళ మీద నేరంగా ఉండకూడదంటాడు. ఆ ఉత్తరంలోనే, వచ్చేటప్పుడు నా అంగీ పట్టుకురా, చలికాలం రాకముందే రా, అని కూడా రాస్తాడు. నీ స్వెట్టర్ ఇక్కడే వదిలేశావు. కుడి చేతి దగ్గర అల్లిక ఊడితే మళ్ళీ వేశాను, రంగు కొంచెం తేడాగా ఉంటుంది, ఏమీ అనుకోకు. నువ్వు వచ్చి తీసుకెళ్తావా, నన్నే పంపమంటావా? వస్తే బాగుంటుంది.

ఫోన్ ఎత్తి ఏం మాట్లాడకపోయినా ఫర్వాలేదు. చిన్నోడి గోల వింటూ కూర్చో.

నీ అమ్మ

తాజా కలం: నువ్వు ఫోన్ ఎత్తడం లేదని పెద్దమ్మకి చెప్పి, ప్రార్థన చెయ్యమన్నాను. ఆ చాప గురించి రాస్తుంటే తట్టింది, నేను చేసిందీ అదేగా. క్షమించు తల్లీ. ఇంకెవరికీ చెప్పొద్దని ఇందాకే పెద్దమ్మకి ఫోన్ చేశాను. అప్పటికే ఇద్దరికి చెప్పిందట, ప్రార్థన కోసం.