ముత్యాల గర్భం తీసేశారని రిజిస్టరులో పేరు కొట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

భీమవరం దగ్గర ఒక ఉపకేంద్రంలో 28 ఏళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. తల్లుల మరణాల గురించి పేపర్లో చదివినప్పుడల్లా రక్తస్రావం, గుర్రపువాతం, రక్తహీనత అనే చూస్తాను. అవి రాయాల్సిందే. వాటి పక్కన ఇంకో జబ్బుకు కూడా చోటివ్వమని ఈ ఉత్తరం రాస్తున్నాను. మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్ అది. మామూలు కాన్పు తర్వాతా రావచ్చు, ముత్యాల గర్భం, అంటే బిడ్డ ఎదగకుండా నీటి బుడగలుగా మారే గర్భం తర్వాతా రావచ్చు. దాని చేతిలో ఒక తల్లి పోవడం కళ్లారా చూశాను.

ఆమెకది రెండో కాన్పు. మామూలు కాన్పే, మగబిడ్డ. 42వ రోజున ఇంటికెళ్లి చూసి, రిజిస్టరులో ‘తల్లీబిడ్డ క్షేమం’ అని నా చేత్తోనే రాశాను. ఐదో నెల నుంచి ఆగి ఆగి ఎర్రబట్ట అవుతోందండీ అంది. పాలిచ్చే తల్లికి నెలసరి గాడిన పడేదాకా అలాగే ఉంటుందిలేమ్మా అని ఐరన్ మాత్రలిచ్చి పంపాను. ఎనిమిదో నెలలో దగ్గు, కళ్లెలో నెత్తురు. టీబీ అనుకున్నారు. కళ్లె పరీక్షలో రెండుసార్లూ క్రిములు కనపడలేదు, అయినా టీబీ మందులే మొదలుపెట్టారు. తొమ్మిదో నెలలో ఒక తెల్లవారుజామున తల పగిలిపోతోందని లేచి, ఫిట్స్ వచ్చి పడిపోయింది. 108లో పెద్దాసుపత్రికి తీసుకెళితే మెదడులో నెత్తురు కారిందన్నారు. ఛాతీ ఎక్స్‌రేలో గుండ్రంగా మచ్చలున్నాయి. అక్కడి డాక్టరమ్మ ఒకరికి అనుమానమొచ్చి బీటా హెచ్‌సీజీ పరీక్ష చేయించారు. గర్భం వస్తే నెత్తురులో పెరిగే హార్మోను అది, ఈ జబ్బులోనూ పెరుగుతుంది. లక్షల్లో వచ్చింది. కోరియోకార్సినోమా, అదే ఆ మాయ క్యాన్సర్. కెమో ఎక్కించేలోపే, మూడో రోజున పోయింది. ఇరవై ఆరేళ్ల పిల్ల.

తర్వాత ఆ డాక్టరమ్మ నాకు కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఈ జబ్బు ఎంత ముదిరిందో, ప్రాణాపాయం ఎంతో తేల్చడానికి డాక్టర్లు అన్ని దేశాల్లోనూ వాడే మార్కుల పట్టిక ఒకటుంది. ముత్యాల గర్భం తర్వాత వస్తే సున్నా, గర్భస్రావం తర్వాతైతే 1, నిండు కాన్పు తర్వాతైతే 2. ఆ గర్భానికీ వైద్యానికీ మధ్య నాలుగు నెలలు దాటకపోతే సున్నా, ఏడు నుంచి పన్నెండు నెలలైతే 2, ఏడాది దాటితే 4. హార్మోను లక్ష దాటితే 4. ఊపిరితిత్తులకు పాకితే ఆ చోటుకు మార్కు లేదు, కాలేయానికో మెదడుకో పాకితే 4. వయసు 40 నిండితే 1. ముందు వాడిన మందుకు లొంగకపోతే మళ్లీ కొన్ని. మొత్తం 6 దాటకపోతే చాలామందికి ఒక్క మందుతోనే నయమవుతుంది. 7 నుంచి పైకి వెళితే నాలుగైదు మందులు కలిపి ఇవ్వాలి. ఊపిరితిత్తుల మచ్చలు లెక్కపెట్టకుండానే మా పిల్లకు 12 వచ్చాయి. వయసు, కాన్పు మన చేతిలో లేవు. మిగతా మార్కులన్నీ రోజులు గడిచేకొద్దీ పెరిగేవే. ఎర్రబట్ట అన్ననాడే నేను పరీక్ష చేయించి ఉంటే మెదడు దాకా వెళ్లేది కాదేమోనన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే రెండేళ్ల తర్వాత ఇంకో అమ్మాయి విషయంలో మొండిగా ఉన్నాను. మొదటి గర్భం, మూడో నెల, విపరీతమైన వాంతులు. స్కానింగ్‌లో ముత్యాల గర్భం. బిడ్డ ఉండదు, ఉడికిన సగ్గుబియ్యంలా నీటి బుడగల గుత్తులుంటాయి. కడిగించుకుని ఇంటికొచ్చేసింది. డిశ్చార్జి కాగితం మీద వారం వారం బీటా హెచ్‌సీజీ చేయించాలని ఇంగ్లీషులో ఒక లైను రాసి ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. పోయిందేదో పోయింది, ఏడాది తిరిగేసరికి మనవణ్ణి ఎత్తుకోవాలని అత్తగారి తొందర. చేపల చెరువు కాపలా మానుకుని భర్త ప్రతి వారం పట్నం తీసుకెళ్లాలంటే కూలి పోతుంది. నేనే వెంటపడి పంపించాను. నాలుగు వారాలు అంకె దిగింది, తర్వాత దిగడం మానేసి పైకి లేచింది. పూర్తి ముత్యాల గర్భం వచ్చిన నూరు మందిలో 15 నుంచి 20 మందికి ఇలా అవుతుంది. వెంటనే క్యాన్సర్ డాక్టరుకు చూపించాం. మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లతో నయమైంది. గర్భసంచి తీయలేదు. ఇప్పుడామెకు ఆడపిల్ల.

ఆ మెథోట్రెక్సేట్ మా ఊళ్లవాళ్లకు పరాయి మందు కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచి వచ్చింది. ఆయన 1948లోనే కన్నుమూశారు. 1956లో అక్కడి డాక్టర్లు లీ, హెర్ట్జ్ ఇదే మందుతో, ఊపిరితిత్తులకు పాకిన ఇదే క్యాన్సర్‌ను తగ్గించారు. గడ్డ కట్టే క్యాన్సర్ మందులతో నయమవడం అప్పుడే మొదలు. ఆయన పుట్టిన గడ్డ మీద ఆ మందు అందేలోపే ఒక బాలింత పోవడం నాకు మింగుడుపడదు.

బ్రిటన్‌లో 1973 నుంచి ముత్యాల గర్భం వచ్చిన ప్రతి మనిషి పేరూ నమోదు చేసి, అంకె మామూలుకొచ్చేదాకా ప్రత్యేక కేంద్రాలే కనిపెట్టుకుని ఉంటాయి. మనకు ఇంటింటికీ తిరిగే ఆశాలున్నారు, ఏఎన్‌ఎంలున్నారు. కాన్పు కాలేదు కాబట్టి అయిపోయిందని పేరు కొట్టేయకుండా, హై రిస్కు జాబితాలో ఉంచి, బీటా హెచ్‌సీజీ మామూలుకొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు చూడమని వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఆదేశమివ్వాలి. పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నెత్తురు తీసి పంపేలా ఉచితంగా జరగాలి. డిశ్చార్జి కాగితంలో ఆ ఒక్క లైను తెలుగులో రాయాలి. ఆ నెలల్లో గర్భం రాకుండా చూసుకోవాలని కూడా. కొత్త గర్భం వస్తే అంకె ఎందుకు పెరిగిందో ఎవరికీ తేలదు.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న చెల్లెళ్లకు ఒక మాట. కాన్పయినా, గర్భం పోయినా, కడిగించుకున్నా, ఆ తర్వాత ఎర్రబట్ట ఆగి ఆగి అవుతుంటే మీ సంచిలో ఉన్న గర్భ పరీక్ష పట్టీ, నిశ్చయ్ కిట్‌తో ఒకసారి చూడండి. గీత రాలేదని వదిలేయకండి, హార్మోను మరీ ఎక్కువైతే పట్టీ తప్పు చూపించగలదు. అనుమానం తీరకపోతే రక్తపరీక్షకు పంపండి. బాలింతకు దగ్గులో నెత్తురు పడి కళ్లె పరీక్షలో ఏమీ దొరక్కపోతే, ఆమె ఎప్పుడు కనిందో డాక్టరుకు మీరే గుర్తు చేయండి.

— ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం, పశ్చిమగోదావరి జిల్లా