మిద్దె ఎక్కకుండానే తీర్పా?

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పాత మిద్దెలను కూల్చాలని నోటీసులు ఇస్తున్నారన్న వార్త చదివి ఊరుకున్నాను గానీ, గుమ్మం పైరాతిలో 1908 అని చెక్కి ఉన్న మా నాపరాతి ఇంటికి కూడా ఆ కాగితం అంటించి వెళ్లాక ఈ లేఖ రాయక తప్పలేదు. అంటించిన ఉద్యోగి పడసాలలోకి రాలేదు, మిద్దె ఎక్కలేదు, కప్పును మోసే అడ్డకర్రల్లో, అంటే దంతెల్లో, ఒక్కదాన్నైనా తట్టి చూడలేదు. వీధిలో నిలబడే ‘మట్టి మిద్దె, ప్రమాదకరం’ అని తేల్చేశారు.

వానలకు మిద్దెలు కూలి, నిద్రలోనే ప్రాణాలు పోతున్న మాట నిజమే. కానీ అవి ఎందుకు కూలుతున్నాయో అడిగినవారు లేరు. రెండడుగుల మందాన రాతిగోడలు లేపి, దూలాల మీద దంతెలు పేర్చి, వాటిపై నాపబండలు పరిచి, ఆపైన మన్ను, చవుడు (ఉప్పు మన్ను) వేసిన ఈ ఇళ్లకు ఏటా తొలకరికి ముందు పాత మన్ను గీకి తీసి, కొత్త చవుడు పలుచగా చల్లి, నీళ్లు పోయే దోనెలు శుభ్రం చేయాలి. చవుడు తడిస్తే బిగుసుకుని చుక్కను కిందికి దిగనివ్వదు. పాతది తీయకుండా ఏటికేడాది మీద మీద పోసుకుంటూ పోతే ఆ బరువుకు దంతెలు విరగక ఏం చేస్తాయి? చవుడు తోలే బండ్లు పోయాయి, ఎత్తే మనుషులు వలస పోయారు, నేరం మాత్రం రాతి మీద పడింది. మే నెలలో కాలనీ సిమెంటు ఇళ్లవారు మధ్యాహ్నం మా పడసాలకే వచ్చి నడుము వాల్చే సంగతి నోటీసులో ఎలాగూ రాయరు.

ఇంకో విచిత్రం చూడండి. జనాభా లెక్కల పట్టికలో రాయి, పలకరాయి కప్పులు పక్కా కప్పుల కిందే లెక్క. గృహ నిర్మాణం దగ్గరికి వచ్చేసరికి అదే కప్పు పనికిరానిదైపోతుంది. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో కొత్త ఇంటికి 1.20 లక్షల రూపాయలు ఇస్తారు. పుచ్చిన నాలుగు దంతెలు మార్చుకోవడానికి ఏదైనా పద్దు ఉందా అని నేను అడిగిన ప్రతి బల్ల దగ్గరా నవ్వే సమాధానమైంది.

నూరేళ్లు దాటిన కట్టడాన్ని పురాతన కట్టడంగా గుర్తించే వీలు మన రాష్ట్రపు 1960 నాటి చట్టంలోనే ఉంది. శ్రీశైలం జలాశయంలో మునగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టిన శ్రద్ధ కూడా ఈ నేల మీద చూసిందే. గుడికి దక్కిన ఆ శ్రద్ధలో వందోవంతు ధాన్యపు గరిసెలు, వెలుతురునిచ్చే గవాచులు, పశువుల గాడి ఉన్న రైతు ఇంటికి దక్కకూడదా? కూల్చిన ఇళ్ల దూలాలూ తలుపులూ మర్నాడే లారీలెక్కి, పట్నపు హోటళ్లలో ‘పల్లె అందం’గా తేలుతున్నాయి. అక్కడ వాటి వల్ల ఎవరికీ ప్రమాదం లేదు కాబోలు.

కూలేవాటిని కూల్చండి, అడ్డుపడను. అయితే ఇంజనీరు ఒకరు పైకెక్కి ఇంటింటినీ విడిగా చూసి, కారణం రాసి సంతకం పెట్టాకే ఆ పని చేయాలి. నోటీసులో ఇచ్చిన గడువు పదిహేను రోజులు, తొమ్మిది గడిచాయి. నిచ్చెన గోడకు ఆనించే ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నంద్యాల జిల్లా