అప్పుగా పుట్టే డబ్బుకు లెక్క చెప్పండి: కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

ద్రవ్య సంస్కరణ, అంటే డబ్బు పుట్టే తీరులో మార్పు, కోరే చిన్న పార్టీల కార్యకర్తలం, ఒంగోలు నుంచి రాస్తున్నాం. దేశంలో కొత్త డబ్బు ఎక్కడ పుడుతోందో, ఏ పనికి పుడుతోందో ప్రభుత్వమే పార్లమెంటు ముందు శ్వేతపత్రం పెట్టాలి. జిల్లా లెక్కలతో సహా పెట్టాలి.

ఒకరు దాచుకున్న డబ్బునే బ్యాంకు మరొకరికి అప్పిస్తుందని చాలామంది నమ్మకం. టంగుటూరు రైతుకు 2 లక్షల పంట రుణం ఇచ్చిన రోజు జరిగేది వేరు. అప్పు ఖాతాలో 2 లక్షల బాకీ రాస్తారు, పొదుపు ఖాతాలో 2 లక్షలు జమ వేస్తారు. మరెవరి ఖాతాలోనూ రూపాయి తగ్గదు. ఆ జమ కొత్త డబ్బు. రైతు బాకీ తీర్చిన రోజు అది చెలామణిలోంచి పోతుంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన త్రైమాసిక పత్రికలోనే ఈ సంగతి ఒప్పుకుంది.

అలాగని బ్యాంకు ఇష్టమొచ్చినంత పుట్టించలేదు. రైతు ఆ డబ్బును వేరే బ్యాంకులో ఖాతా ఉన్న ఎరువుల కొట్టుకు పంపితే, రిజర్వు బ్యాంకులోని తన నిల్వలోంచి ఈ బ్యాంకు కట్టాలి. డిపాజిట్ల మీద సీఆర్ఆర్ (రిజర్వు బ్యాంకులో ఉంచాల్సిన నగదు) 3 శాతం, ఎస్ఎల్ఆర్ (ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో ఉంచాల్సినది) 18 శాతం, పైన సొంత మూలధనం ఇంత ఉండాలన్న నిబంధన. ఇవన్నీ ఎంత ఇవ్వొచ్చో చెప్పే పగ్గాలు. ఎవరికి, ఎందుకు అన్నది అడిగేది ప్రధానంగా ప్రాధాన్య రంగం నిబంధనే: వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి వాటికి అప్పుల్లో మొత్తం 40 శాతం, అందులో వ్యవసాయానికి 18.

ఆ 18 శాతం నిండే తీరులోనే లోపం ఉంది. బంగారం కుదువపెట్టి భూమి పాస్‌పుస్తకం జత చేస్తే అది వ్యవసాయ రుణం పద్దులో చేరే వీలుంది. ఆ డబ్బు వెంచర్లో ప్లాటుకు పోయినా పద్దు మారదు. పొగాకుకో వరికో పుట్టిన డబ్బుకు ఆరు నెలల్లో సరుకు ఎదురొస్తుంది. ప్లాటుకు పుట్టిన డబ్బుతో నేల పెరగదు, ధర పెరుగుతుంది. ఇక రెన్యూవల్. పాత పంట రుణాన్ని పొద్దున కట్టించుకుని సాయంత్రం మళ్లీ ఇస్తే కాగితం మీద అది కొత్త పంపిణీ. ఊళ్లోకి కొత్తగా వచ్చింది ఏమీ లేదు. పైగా ఆ ఒక్క పూట కోసం రైతు బయట అప్పు చేయాలి.

కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. హామీ లేని వ్యవసాయ రుణం పరిమితి 2025 జనవరి 1 నుంచి 2 లక్షలు. కానీ ఆ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, కౌలు గుర్తింపు కార్డు ఉన్నా బ్యాంకు వెనకాడుతుంది. గడువులో కట్టే కిసాన్ క్రెడిట్ కార్డు రైతుకు 2 లక్షల మీద ఏడాదికి 8 వేలు పడితే, రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న కౌలు రైతుకు 48 వేలు పడుతుంది. ఇద్దరూ పండించేది అదే నేలలో.

దీన్ని ఎన్నికల్లో తేల్చుకోండి అంటారు. తేలదు. గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలి, పెద్ద పార్టీకి ఒక్కరు చాలు. ఒంగోలు లోక్‌సభకు ధరావతు 25 వేలు, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే గల్లంతు. అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి గుర్తు కావాలంటే 175లో కనీసం 9 స్థానాల్లో నిలబడాలి. లేకపోతే దర్శిలో ఒక గుర్తు, కావలిలో మరో గుర్తు. న్యూజిలాండులో మాలాగే ద్రవ్య సంస్కరణ కోరే సోషల్ క్రెడిట్ పార్టీకి 1981లో నూటికి 20కి పైగా ఓట్లొచ్చినా దక్కినవి రెండు సీట్లు.

రాష్ట్రంలో గెలిచినా చాలదు. కెనడాలోని ఆల్బర్టాలో 1935లో సోషల్ క్రెడిట్ పార్టీ అధికారంలోకే వచ్చింది. బ్యాంకుల మీద అది చేసిన చట్టాలను కేంద్రం, సుప్రీంకోర్టు నిలవనివ్వలేదు. మన రాజ్యాంగంలోనూ రిజర్వు బ్యాంకు, బ్యాంకింగ్ కేంద్ర జాబితాలోవే. అందుకే అమరావతికి కాక మీకు రాస్తున్నాం.

నోట్లు అచ్చువేసి పంచమని మేం అడగడం లేదు. సరుకు లేని చోట అది ధరలనే పెంచుతుంది. డబ్బు పుట్టించే హక్కు కేంద్ర బ్యాంకుకే ఉండాలన్న ప్రతిపాదనను స్విట్జర్లాండులో 2018 జూన్ 10న నూటికి 75 మందికి పైగా తోసిపుచ్చారు. అంత మార్పు ఒక్కసారిగా వస్తే మామూలు అప్పు కూడా దొరకదేమోనన్న భయం అక్కడ బలంగా పనిచేసింది. ఆ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. ఊరికో సొంత నోటు అనే మిత్రులతోనూ మేం ఏకీభవించం, రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షన్ దానికి అడ్డు.

ముందు లెక్క బయటికి రావాలి. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీకి, జిల్లాలోని బ్యాంకులను సమన్వయపరిచే లీడ్ బ్యాంకు ఇచ్చే త్రైమాసిక పట్టికలో మూడు గళ్లు చేర్చమని ఆదేశించండి: బంగారం కుదువ మీద ఇచ్చినది, రెన్యూవల్‌గా తిరగరాసినది, కౌలు రైతు పేరున ఇచ్చినది. వివరాలు బ్రాంచి కంప్యూటర్లో ఉన్నవే, కొత్త సర్వే అక్కర్లేదు. పంపిణీ అంకె పక్కన నికరంగా పెరిగిన బాకీ అంకె కూడా వేయించండి, రెన్యూవల్ మాయ అక్కడే బయటపడుతుంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వచ్చే త్రైమాసికం నుంచే మొదలుపెట్టి, ఆ పట్టికను తెలుగులో జిల్లా వెబ్‌సైటులో పెట్టించండి.

ఇట్లు,
ప్రకాశం, నెల్లూరు జిల్లాల ద్రవ్య సంస్కరణ కార్యకర్తలు
ఒంగోలు