‘సులువైన పెంపుడు జీవి’ అని రాసే ముందు

సంపాదకుడు గారికి,

నమస్కారం. కొత్తగా పెంచుకునేవారికి అనువైన జీవులంటూ మీ ఆదివారం పేజీలో ఒక జాబితా వేశారు. అందులో లెపర్డ్ గెకోకి, అంటే ఒంటి మీద మచ్చలుండే ఒక రకం బల్లికి, దక్కింది రెండు లైన్లు. అరవదు, వాసన రాదు, బయట తిప్పక్కర్లేదు, పిల్లలకి సులువు అని. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. నాలుగో మాట గురించే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పుట్టినరోజుకి ఒక పిల్ల గెకోని తెచ్చాం. అమ్మినాయన కూడా అచ్చం మీలాగే చెప్పాడు. “ఏముందమ్మా, బల్లే కదా! గాజు తొట్టిలో ఇసక పోసి, ఎర్ర బల్బు పెట్టి, పురుగులు వేస్తూ ఉండండి. దాని మానాన అది బతికేస్తుంది” అన్నాడు. ఇసక, బల్బు, పురుగులు అన్నీ ఆయన దగ్గరే కొన్నాం. చెప్పింది చెప్పినట్టు చేశాం. ఆరు నెలలు తిరిగేసరికి దాని ముందుకాళ్లు విల్లులా వంగిపోయాయి, మూడు వేళ్లు ఊడిపోయాయి.

వేళ్లు ఎలా పోయాయో చెప్తాను, ఎందుకంటే అది నా కళ్ల ముందే జరిగింది. గెకో కుబుసం విడిచే ముందు ఒళ్లంతా సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. తర్వాత ఆ పొరని నోటితో లాక్కుని తనే తినేస్తుంది. మా దానికి వేళ్ల చివర మాత్రం కొంచెం పొర మిగిలిపోయింది, దారం చుట్టినట్టు సన్నగా. చూశాను. ఇంత పొర ఏం చేస్తుందిలే, అదే రాలిపోతుంది అనుకున్నాను. రాలలేదు. ఎండి, బిగుసుకుని, వేలికి రక్తం అందకుండా చేసింది. తడి టిష్యూ పరిచిన చిన్న డబ్బాకి ఒక కన్నం పెట్టి తొట్టిలో ఉంచితే, గెకో అందులోకి దూరి చర్మం మెత్తబరుచుకునేది. ఒకవేళ మిగిలినా, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు కాళ్లు నాననిచ్చి, తడిపిన ఇయర్‌బడ్‌తో మెల్లగా తీసేయొచ్చు. పెంచేవాళ్లలో అనుభవం ఉన్న ఎవరినడిగినా చెప్పే సంగతి ఇది. మాకు చెప్పినవాళ్లు లేరు. మేమూ అడగలేదనుకోండి, ఆ తప్పు మాది.

చివరికి దాన్ని జంతువుల డాక్టరుకి చూపించాం. డాక్టరు గారు దాన్ని చేతిలోకి తీసుకోకముందే అడిగిన ప్రశ్న, “తొట్టిలో వేడి ఎంత ఉంటుంది?” అని. “వెచ్చగానే ఉంటుందండీ” అన్నాను. “ఎన్ని డిగ్రీలు?” అన్నారు. మా ఇంట్లో దానికి థర్మామీటరే లేదు.

మనలా దాని ఒంట్లో వేడి పుట్టదు. తిన్నది అరగాలన్నా బయటి వేడే ఆధారం. అందుకని తొట్టిలో ఒక పక్క నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, రెండో పక్క 24 నుంచి 26 మధ్య చల్లగా ఉండాలి. అది అటూ ఇటూ తిరుగుతూ తనకి కావలసింది చూసుకుంటుంది. రెండు పక్కలా దాక్కోవడానికి చోటు ఉండాలి, లేకపోతే భయానికి చలిలోనే నక్కి కూర్చుంటుంది. హీట్ మ్యాట్ (తొట్టి కింద పరిచే, కరెంటుతో వేడెక్కే చాప) పెట్టినా బల్బు పెట్టినా థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా చూసే పరికరం, తప్పనిసరి. అది లేకపోతే మ్యాట్ ఎంతవరకు కాగుతుందో చెప్పలేం, కింద పొట్ట కాలినా ఈ జీవి ఒక్కోసారి అక్కడే పడి ఉంటుంది. మాకు ఎర్ర బల్బు అంటగట్టినాయన థర్మోస్టాట్ అన్న పేరే ఎత్తలేదు. అసలు రాత్రిపూట దానికి చీకటి కావాలి, ఏ రంగు వెలుతురూ అక్కర్లేదు.

ఇక కాళ్లు వంగడం. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కీచురాళ్లు వేసినా, మీల్‌వార్మ్‌లు వేసినా, బొద్దింకలు వేసినా అంతే. వాటికి కాల్షియం పొడి అద్ది వేయకపోతే, ఆ కాల్షియం ఒంటికి పట్టడానికి డి3 విటమినో, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ దీపమో లేకపోతే, గెకో శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంగుతాయి. ఒకసారి వంగిన ఎముక మళ్లీ తిన్నగా అవ్వదు. పురుగుల్ని వేసే ముందు ఒక రోజు వాటికీ బాగా మేత పెట్టాలి, ఖాళీ పొట్టతో ఉన్న పురుగులో ఏం సారం ఉంటుంది? గెకో రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకూడదు. తోటలో పట్టిన పురుగులు అసలే వద్దు, వాటి మీద ఏ మందు కొట్టారో తెలియదు. ఇసక సంగతి కూడా డాక్టరు గారే చెప్పారు. పురుగుతో పాటు నోట్లోకి పోయి, పేగుల్లో గడ్డకట్టి, ప్రాణం మీదికి తెస్తుందట. కొత్తవాళ్లకి పేపర్ టవల్ మేలు.

మీ జాబితాలో ఫొటో కింద ‘గోడ బల్లి జాతి’ అని రాశారు. ఇది గోడ ఎక్కలేదండీ. గోడ బల్లి వేళ్ల కింద ఉండే అంటుకునే మెత్తలు దీనికి లేవు. పైగా దీనికి కనురెప్పలున్నాయి, చాలా గెకోలకి ఉండవు. 1854లో బ్లైత్ అనే శాస్త్రవేత్త వర్ణించిన ఈ జీవి శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ మాక్యులేరియస్. అందులో మొదటి మాట ఆ కనురెప్పల గురించే, రెండోది ఒంటి మీది మచ్చల గురించి. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలలు దీని సొంతిల్లు. పగలంతా రాళ్ల సందుల్లో నక్కి, మసక చీకట్లో వేటకి బయల్దేరుతుంది. పురుగు కనబడితే ముందు తోక చివర సన్నగా ఆడుతుంది, పిల్లి తోకలాగే, ఆ తర్వాతే దూకుతుంది. మా అమ్మాయి రోజూ ఆ ఒక్క క్షణం కోసమే కాచుకుని కూర్చుంటుంది. ఆ తోకలోనే కొవ్వు దాచుకుంటుంది కాబట్టి లావుగా ఉంటే ఆరోగ్యం, చిక్కిపోతుంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. భయపెట్టినా, తోక పట్టుకున్నా తెంపేసుకుంటుంది. మళ్లీ మొలుస్తుంది గానీ మొదటి అందం రాదు. తెచ్చిన మొదటి రెండు వారాలు చేత్తో ముట్టుకోకుండా వదిలేయమనేది ఇందుకే. పుట్టినరోజునాడు ఇంటినిండా పిల్లలుంటే అది జరిగే పనేనా?

రంగుల సంగతి ఇంకోటి. లెమన్ ఫ్రాస్ట్ అని నిమ్మపండు రంగుది ఒకటుంది. ఆ రంగునిచ్చే జన్యువుకీ, దాని చర్మంలో వచ్చే కణితులకీ సంబంధం ఉందని 2021లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. రంగు పేరు చెప్పి అమ్మేవాళ్లు ఈ ముక్క కూడా చెప్పాలి కదా.

నేను గెకోలని పెంచవద్దు అనడం లేదు. అన్నీ ఒకసారి అమరాక మాకిప్పుడు రోజుకి పది నిమిషాలు చాలు. ఆ రకంగా మీ పేజీ రాసినవారు చెప్పింది అబద్ధమేమీ కాదు. కానీ ఆ అమరిక జీవి ఇంటికి రాకముందే జరగాలి. అమ్మేవాళ్లని నేను కోరేది ఇదే: ముందు తొట్టి, థర్మోస్టాట్ అమ్మండి. వారం తర్వాత, కొన్నవాళ్లు రెండు పక్కల డిగ్రీలు రాసి తెస్తే అప్పుడు గెకోని ఇవ్వండి. దానితో పాటు ఒక్క కాగితం ఇవ్వండి, పైన నేను రాసిన అంకెలన్నీ అరపేజీలో పడతాయి.

మీ పేజీలో ఇంకో రెండు మాటలు కూడా ఉండాల్సింది. ఇది 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. పదేళ్ల పిల్లకి కొనిస్తే, ఆ పిల్ల చదువుకని ఇల్లు వదిలాక పురుగుల డబ్బా అమ్మానాన్నల నెత్తినే పడుతుంది. బల్లుల్లాంటి సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అనే, విరేచనాలు, జ్వరం తెచ్చే బాక్టీరియా సోకే వీలుంది కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటివి వద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మీ జాబితా చదివి ఎంతమంది చిన్నపిల్లల తల్లులు కొన్నారో!

పెంచుకోవడానికి తామున్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో, అది అడవిలో పట్టిందా, పెంపకంలో పుట్టిందా అన్నది కొనేవాళ్లే ముందు కనుక్కోవాలి. అయినా ఆ మాట గుర్తు చేయాల్సింది మీలాంటివారే.

వచ్చే ఆదివారం అదే పేజీలో ఈ అంకెల్ని బాక్సు కట్టి వేయగలరా? ఫొటో కావాలంటే మా దాన్ని తీసి పంపుతాను. మూడు వేళ్లు తక్కువగా ఉంటాయి, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు